మిగిలినది రేపు చూతము
మంచుకొండలలో విహరించువారికి వెనుదిరుగుట నేర్పు బడుల కథ

అరుణాస్పదపురవాసియైన ప్రవరుడు హిమాలయమును చూడబోయిన కథ తెలుగు చదువుకొన్నవారిలో ఎరుగనివారుండరు. సిద్ధుడొకడు పాదములకు పూసిన పసరు మహిమచే నతడు క్షణములో ఆ మహాశైలముపై దిగెను. కోనలను, సెలయేళ్ళను చూచి మురిసెను. ఎండకు కరగిన మంచు సూర్యకాంతశిలలపై రాలి చుయ్యిమని సవ్వడి చేయుచుండగా, దానిని బట్టియే మధ్యాహ్నమైనదని గ్రహించి, మిగిలిన వింతలను మరునాడు వచ్చి చూడవచ్చునని ఇంటికి మరల సంకల్పించెను. అప్పటికే పాదలేపము మంచునీట కరగిపోయినది. మన రసికులు తరువాతి వరూధినీ వృత్తాంతమునకు త్వరపడి పోవుదురు గాని, అంతకుముందున్న ఈ చిన్న ఘట్టములో మంచుకొండలకు పోవువాడు నేర్వవలసిన పాఠములు రెండు పక్కపక్కనే యున్నవి. చేతనున్న సాధనము మంచులో నేమగునో బయలుదేరకముందే విచారింపవలెనన్నది మొదటిది. ఎంత మనోహరమైన కొండనైనను సగములో విడిచి, మిగిలినది రేపని వెనుదిరుగ గలిగియుండవలెనన్నది రెండవది.

పెద్దన ఈ పాఠముల నుద్దేశించి మనుచరిత్రమును రచించెనని నేననను. కాని ఐదు శతాబ్దముల తరువాత, ఆల్ప్స్ పర్వతములలోను, ఉత్తర అమెరికాలోని రాకీ, క్యాస్కేడ్ శ్రేణులలోను, ప్రతి శీతకాలమున వేలకొలది జనులు రుసుము చెల్లించి, సెలవు పెట్టుకొని, గడ్డకట్టు చలిలో మోకాళ్ళపై కూర్చుండి నేర్చుకొనుచున్న విద్యాసారము ఇంతకన్న వేరు కాదు. స్కీ విహారస్థలములలో తెల్లవారకముందే గస్తీవారు పోయి, ప్రమాదకరమైన మంచును పేలుడుమందుతో తామే రాల్చివేసి, హద్దుతాళ్ళు కట్టి, ఆ పిమ్మటనే జనమును విడిచెదరు. ఆ తాటికి ఆవలనున్న సీమను బ్యాక్‌కంట్రీ యందురు. అచట ఎవరి ప్రాణమునకు వారే గస్తీ. అచటి శ్వేతనిశ్శబ్దమున కాసపడి పోవువానికి, కొండ తనపై విరిగి పడకుండునట్లు మెలగుట నేర్పునదే ఈ బడి.

ఒక్క మాటలో ఇమిడిన నాలుగు వస్తువులు

మనకు మంచు అన్నది ఒక్కటే మాట. మార్గశిరపు వేకువను గడ్డిపరకపై నిలుచు బిందువు మంచు; లంబసింగి దారిలో ఎదుటి బండిని కనబడనీయని తెర మంచు; పానీయములో వేసికొను గడ్డ మంచు; ఆకాశమునుండి దూదిపింజలవలె రాలునదియు మంచే. కొండవాలుపై పేరుకొన్న మంచు ఒక్కుమ్మడిగా విరిగి దొర్లిపడిన విపత్తును మన పత్రికలు హిమపాతమని వ్రాయును. మెత్తగా మంచు కురిసిన వేడుకకును అదే మాటను వాడును. ఎండదేశపు భాష కనుక ఇందు తప్పెంచవలసినది లేదు. మంచుకొండ నెక్కువాని చూపు మాత్రము ఈ యొక్క మాటతో తృప్తి పడరాదు. ఆ విపత్తును ఈ వ్యాసమందు మంచుచరియ యని పిలుతము.

కొండపైని మంచు తాళపత్రముల కట్టవంటిది. శీతకాలపు ప్రతి తుపాను దానికొక యాకును చేర్చును. మబ్బులేని చలిరాత్రులలో పైయాకుపై స్ఫటికములు ఈకలవలె మొలచును. మంచు పలుచగా నున్న ఏడు, నేల వెచ్చదనమునకును పైగాలి చలికిని నడుమ నలిగిన అడుగుపొర, పంచదార పలుకులవలె ఒకదానితో నొకటి అంటని రేణువులుగా మారిపోవును. ఇట్టి దుర్బలమైన పొరపై మరియొక తుపాను వచ్చి, గాలి తోలుకొనివచ్చిన మంచును బిగువుగా పేర్చినప్పుడు, ఏటవాలు గచ్చుపై రాగులు చల్లి వానిపై నొక బండపలకను ఆనించి యుంచినట్లగును. ఆ పలక వారముల తరబడి అట్లే నిలువవచ్చును. మనుష్యుడొక్కడు దానిపై అడుగు మోపగనే క్రిందిపొర కూలి, ఆ కూలుడు రెప్పపాటులో వాలంతట వ్యాపించి, పైపలక పగిలి కదలును. పొర కూలునపుడు కాలిక్రింద భుమ్మని ఒక లోతుచప్పుడు వినవచ్చును. కొండ హెచ్చరించు భాషలో అంతకన్న స్పష్టమైన మాట లేదని గురువులు చెప్పుదురు.

వాలు 30 డిగ్రీలకు లోబడియున్నచోట పలక జారుట అరుదు. 45 డిగ్రీలు మించినచోట మంచు ఎక్కువగా నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవుచుండును. నడుమనున్న ఆ 15 డిగ్రీలే మృత్యుక్షేత్రము. విధివిలాసమేమో గాని, స్కీలపై జారుటకు రమ్యమైన వాలును చాలవరకు అదియే. అంతకన్న ఆలోచింపవలసిన సంగతి మరియొకటి కలదు. విహారమునకు పోయి మంచుచరియకు బలియైనవారి వృత్తాంతములను పరిశీలింపగా, నూటికి సుమారు 90 సందర్భములలో ఆ చరియను కదల్చినది చిక్కినవాడో, వాని తోడివాడో యని తేలినది. భూకంపమును ఎవరును పిలువరు, పిడుగును పిలువరు. ఈ యాపదను మాత్రము మనుష్యుడు తన పాదముతో తానే తట్టి లేపుచున్నాడు. తట్టి లేపినది మన పాదమైనచో, ఆ పాదమును ఎచట మోపరాదో నేర్పుటకు వీలున్నది. ఈ బడులన్నియు ఆ వీలుమీదనే నిలిచియున్నవి.

ఎర్రదారము నాటినుండి

పూర్వకాలమున మంచుచరియ కొండపల్లెల శాపము. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల శాపమైనది. 1916 డిసెంబరు 13న ఆల్ప్స్ సరిహద్దున మార్మొలాదా పర్వతము క్రింది శిబిరముపై పడిన ఒక్క చరియ రెండు వందలకు పైబడిన ఆస్ట్రియా సైనికులను కప్పివేసెను. స్విట్జర్లాండువారు 1930ల దశాబ్దమున దావోస్ పట్టణమునకు ఎగువనున్న వైస్‌ఫ్లూయోఖ్ పర్వతముపై పరిశోధకులను నిలిపి, మంచును పొరపొరగా కోసి చూచు శాస్త్రమునకు పాదుకొల్పిరి. 1945 నుండి ప్రజలకు మంచుచరియల సూచనలను ప్రకటింప నారంభించిరి. 1950–51 శీతకాలమున ఆల్ప్స్ ప్రాంతమున 265 మందికి పైగా మంచుచరియల పాలైన పిమ్మట, ఆ శాస్త్రము ఎంత ఆవశ్యకమో ఇతరులకును తెలియవచ్చెను. అమెరికాలో, వెండిగనుల కాలమునుండియు మంచుచరియలకు పేరుమోసిన యూటా రాష్ట్రపు ఆల్టా కనుమకు, 1945లో మాంట్‌గోమరీ ఆట్‌వాటర్ అటవీశాఖ పక్షమున చేరి, గాలిని, మంచును కొలుచుచు, యుద్ధమునకై పుట్టిన ఫిరంగులను కొండకు గురిపెట్టి, మంచును ముందుగా రాల్చు పద్ధతి నెలకొల్పెను.

కప్పబడినవానిని వెదకుట యెట్లు? చాలకాలము దీనికి దొరికిన సమాధానము ఒక ఎర్రదారము. స్కీవిహారి తన నడుమునకు పొడవైన ఎర్రదారమును కట్టుకొని, దానిని వెనుక ఈడ్చుకొనుచు పోవును. మంచు తన్ను మింగినను దారపు కొసయైన పైకి తేలునని ఆశ. 1968లో బఫెలో నగరమున జాన్ లాటన్ అను ఇంజనీరు, మంచుక్రిందినుండి రేడియో సంకేతము నంపు చిన్నయంత్రమును నిర్మించి, దానికి స్కాండినేవియా పురాణములలోని హిమదేవత పేరున స్కాడి యని నామకరణము చేసెను. నేడు ప్రపంచమంతట 457 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యమున పలుకు ట్రాన్సీవర్లు దాని సంతతియే. ట్రాన్సీవరు, మడిచి పెట్టుకొనదగిన పొడవాటి ప్రోబ్ కడ్డీ, తేలికైన మంచుపార: ఈ మూడును లేనివానిని తోడు తీసికొని పోరాదన్నది ఇప్పటి ధర్మశాస్త్రము. వీపున కట్టుకొని, ఆపదలో తాడు లాగినంతనే ఉబ్బి మనుష్యుని మంచుపై తేల్చ యత్నించు ఎయిర్‌బ్యాగ్ సంచులు వీనికి తోడు వచ్చినవి.

ఐనను కాలమునకు సాధనములపై కనికరము లేదు. స్విట్జర్లాండు ప్రమాదముల లెక్కలను పరిశీలించి 1994లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారము, మంచులో పూర్తిగా కప్పబడినవారిని 15 నిమిషములలో బయటికి తీసినచో నూటికి 92 మంది బ్రతుకుదురు. 35 నిమిషములు గడచినచో 30 మందియే. అనంతర పరిశోధనలు ఆ మొదటి గడువును 10 నిమిషములకు కుదించినవి. కదలి నిలిచిన మంచు సున్నపు గచ్చువలె బిగిసికొనును. లోపలివానికి వేలు కదల్చుటయు దుర్లభము. ఈ గడువులో పట్టణమునుండి సహాయము రాదు, హెలికాప్టరు రాదు. వచ్చిన, పక్కనున్న స్నేహితుడే రావలెను. అందుచేత కొండకు పోవునపుడు తోడు నెన్నుకొనుట యనగా, తన ప్రాణము నెవని చేతిపారకు అప్పగింతునో నిర్ణయించుకొనుట.

మూడు దినముల బడి

అమెరికాలో విహారులకు మొదటి మెట్టు శిక్షణ సాధారణముగా మూడు దినములు, 24 గంటలు. కెనడాలో రెండు దినములు. తరగతి కొంత గదిలోను, అధికభాగము కొండపైని సాగును. ఉదయమున దారిమొదట నొకడు నిలుచుండగా తక్కినవారొక్కరొక్కరుగా అతని ముందునుండి నడచిపోవుదురు. ప్రతివాని ట్రాన్సీవరు సంకేతము పంపుచున్నదో లేదో వినుటకు. చేతిఫోను దానికి దగ్గరగా నున్నచో సంకేతము చెదరును గనుక, సంకేతము పంపునపుడు 20, వెదకునపుడు 50 సెంటీమీటర్ల ఎడమున ఫోను నుంచవలెనని చెప్పుదురు. పిదప గురువు ఎచటనో మంచులో నొక సంచిని పాతిపెట్టి, గడియారము చేతబట్టి, వెదకుడనును. సంకేతము తొలుత దొరకుటకు విశాలముగా పరుగు. దొరికిన పిమ్మట అంకె తగ్గు దిక్కునకు నడక. దగ్గరపడగా యంత్రమును మంచు కానించి నెమ్మదిగా జరుపుట. చివరకు ప్రోబ్ కడ్డీని 25 సెంటీమీటర్ల కొకసారి వలయములుగా గ్రుచ్చుచు పోవుట. కడ్డీకి మెత్తగా తగిలినదా, దానిని పెరుకరాదు. దానికి దిగువవైపున నిలిచి, వరుసదీరి, ముందువాడు త్రవ్విన మంచును వెనుకవాడు తోసివేయుచు పార వేయవలెను. మొదటిసారి చేయువారి సంచి చాలవరకు గడువు దాటియే బయటపడును. సంచికి ప్రాణము లేకపోవుటచే ఎవరును ఏడువరు గాని, ఆ మౌనములో ప్రతివాడును నేర్చుకొనునది పుస్తకములో దొరకదు.

మధ్యాహ్నమున గుంట త్రవ్వి మంచుపొరలను చదువుట నేర్పుదురు. 30 సెంటీమీటర్ల చదరముగా నొక మంచుస్తంభమును కోసి, దాని నెత్తిన పార నుంచి, మణికట్టునుండి పది, మోచేతినుండి పది, భుజమునుండి పది దెబ్బలు తట్టి, ఏ దెబ్బకు ఏ పొర తెగినదో గుర్తించెదరు. వైద్యుడు వీపున వ్రేళ్ళతో తట్టి లోని రోగమును వినుటవంటిది ఈ పరీక్ష. వైద్యునికున్న వినయమును ఇచటను వలయును: ఒకచోట తెగలేదన్నంత మాత్రమున పది గజముల ఆవల తెగదని భావింపరాదు. చెడు ఫలితమును నమ్ముడు, మంచి ఫలితమును నమ్మి వాలులోనికి దిగకుడని గురువులు హెచ్చరింతురు. అందుకే త్రవ్వి చూచుటకన్న, త్రవ్వకనే కనబడు గుర్తులకు వారు పెద్దపీట వేయుదురు. క్రొత్తగా విరిగిన చరియలు, కాలిక్రింది భుమ్ముచప్పుడు, స్కీల ముందుకు పరువెత్తు పగుళ్ళు, కడచిన దినమున దట్టముగా కురిసిన మంచు, గాలి మోసిన భారము, హఠాత్తుగా హెచ్చిన వెచ్చదనము: వీనిలో ఏది కనబడినను నిటారు వాలును విడిచిపెట్టవలెను.

యూటాలో 2003 డిసెంబరున ముగ్గురు యువకులు మంచుచరియలో మరణించిన పిమ్మట, అచటి సూచనకేంద్రమువారు బడిపిల్లలకోసము ఒక గంట పాఠమును రూపొందించి, బయలుదేరకముందే తెలిసికొనుడని అర్థమిచ్చు పేరుతో ఊరూర వినిపింప సాగిరి. సాధనములు కొనుము, విద్య నేర్వుము, సూచన చదువుము, కొండను పరికింపుము, అపాయపు దారినుండి తొలగుము. ఐదు వాక్యములే, అందు సాధనము మొదట నున్నను, మిగిలిన నాలుగును దానిని వాడవలసిన అవసరము రాకుండుటకే.

ఐదింట మూడు

సూచనకేంద్రములు ప్రతి ఉదయమున ప్రకటించు ప్రమాదస్థాయికి ఐదు మెట్లున్నవి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, నలుపు. మరణములెక్కువగా సంభవించునది ఐదవ మెట్టున కాదు, మూడవ మెట్టున. ఐదవ మెట్టున భయపడి ఇంట నుందురు. మూడు అన్నది మధ్యస్థమనుకొని బయలుదేరుదురు. మన పరీక్షల లెక్కలో ఐదింట మూడనగా ప్రథమశ్రేణి గదా! కాని ఈ మెట్లు సమానమైన మెట్లు కావు. ఒక్కొక్కటి ఎక్కుకొలది అపాయము గుణించుకొని పోవును. మూడవదానివద్ద మంచుపలక మనుష్యుని బరువుకు సులభముగా తెగుటకు సిద్ధముగా నున్నదని అర్థము.

సూచన చదువుకొన్నవారును ఏల మరణించుచున్నారు? ఈ ప్రశ్న వేసికొనిననాడు మంచుశాస్త్రము మనశ్శాస్త్రమైనది. ఇయాన్ మెక్‌కామన్ అను అమెరికా పరిశోధకుడు 1972 మొదలు 2003 వరకు జరిగిన 715 విహారప్రమాదములను పరిశీలించి, మనుష్యుని బుద్ధికి పడు ఉచ్చులను వివరించెను. నిరుడు నడచిన వాలే గదా యను పరిచయము. బయలుదేరితిమి గనుక చేరియే తీరవలెనను పట్టు. తోడివారి మెప్పుకై చూపు తెగువ. ముందు నడచువానికి అన్నియు తెలియునను గుడ్డినమ్మకము. ఇతరులు పోవుచున్నారు గదా యను ధైర్యము. పెండ్లివిందులో మొదటి బంతికి తొందరపడినట్లు, ఎవరును త్రొక్కని మంచు మనకే దక్కవలెనను ఆత్రము. ఇవి మంచునకు సంబంధించినవేనా? జూదమునకు, అప్పునకు, వేగముగా నడుపు బండికి, అన్నిటికిని ఈ ఉచ్చులే. ఆ పరిశోధనలో బయటపడిన ఒక చేదునిజమును మరువరాదు: తెలిసిన చోటులలో తిరుగునపుడు, ఉన్నతశిక్షణ పొందినవారును ఏ శిక్షణయు లేనివారంతటి అపాయములోనికే పోయియుండిరి.

దీనికి నిదర్శనము వాషింగ్టన్ రాష్ట్రపు స్టీవెన్స్ కనుమ. ఆ చేరువనే 1910 మార్చి 1న వెల్లింగ్టన్ వద్ద మంచుచరియ రైళ్ళను లోయలోనికి త్రోసి 96 మందిని చంపెను. అమెరికా చరిత్రలో అంతటి మంచుచరియ మరణములు మరి లేవు. అట్టి ప్రాంతమున, 2012 ఫిబ్రవరి 19న, 16 మంది కలిసి హద్దునకు ఆవలనున్న టన్నెల్ క్రీక్ లోయలోనికి దిగిరి. వారు అనుభవము లేనివారు కారు. స్కీవృత్తిలోనే జీవించువారు వారిలో పలువురు. సాధనములున్నవి, సూచన యున్నది, విద్య యున్నది. చరియ విరిగెను, ముగ్గురు మరణించిరి, కొట్టుకొనిపోయిన మరియొకరు ఎయిర్‌బ్యాగ్ సంచితో బ్రతికి బయటపడిరి. జాన్ బ్రాంచ్ న్యూయార్క్ టైమ్స్ పత్రికకు వ్రాసి, 2013లో పులిట్జర్ బహుమానము పొందిన స్నో ఫాల్ కథనమును చదివినవారిని మిక్కిలి బాధించునది మంచు వర్ణన కాదు. ఇంతమంది ఒక్కసారి పోవుట మంచిది కాదని కొందరికి లోలోన తోచినను, ఎవరును ఆ మాటను పైకి అనకపోవుట. నలుగురితో నారాయణా అనుట మనకు సుఖమైన నీతి. కొండపై నది ప్రాణాంతకము. అందుచేత నేటి బడులలో ఒక నియమమును నొక్కి చెప్పుచున్నారు: జట్టులో ఏ ఒక్కడు వలదన్నను అందరును మరలవలెను, వలదన్నవానిని కారణ మడుగవచ్చును గాని ఎగతాళి చేయరాదు.

మనవారి వంతు

ఇదంతయు పరదేశీయుల సరదా, మనకేల యని ఆదివారపు కాఫీతో ఈ పత్రికను చూచు పాఠకుడు అనుకొనవచ్చును. స్టీవెన్స్ కనుమ సియాటిల్ నగరమునుండి కొన్ని గంటల ప్రయాణమే. ఆ నగర పరిసరములలో తెలుగు కుటుంబములు వేలకొలది కాపురమున్నవి. డెన్వరు, సాల్ట్‌లేక్ సిటీ నగరములకును రాకీ పర్వతములు పెరటికొండలే. స్నోషూలు అద్దెకు తీసికొని శనివారము నడువబోవు యువదంపతులకు, స్కీలు లేనివారిపై మంచుచరియ పడదను భ్రమ యుండవచ్చును. తాము నిలిచిన చోటు చదునైనను, తలపైనున్న వాలు చదును కాకపోవచ్చును గదా! బయలుదేరకముందు ఆనాటి సూచనను చదువుటకు ఐదు నిమిషములు చాలును.

మన దేశములోను గుల్మర్గ్ గొండోలా రెండవ దశ యాత్రికుని సుమారు 13,000 అడుగుల ఎత్తున అఫర్వాత్ భుజముపై దింపును. అచటి గస్తీహద్దు దాటినచో అది బ్యాక్‌కంట్రీయే. ఆ పట్టునకు చేరువనున్న ఖిలన్మర్గ్‌లో 2010 ఫిబ్రవరి 8న శిక్షణ పొందుచున్న 17 మంది సైనికులను మంచుచరియ పొట్టన పెట్టుకొనినది. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండములోని ద్రౌపదీ కా డాండాపై పర్వతారోహణ విద్యార్థులును గురువులును కలిసి 29 మంది అట్లే పోయిరి. మనాలిలో 1969లో నెలకొల్పిన మంచు పరిశోధనాసంస్థ, 2020లో డీజీఆర్ఈ యను సంస్థలో విలీనమై, సైనికులకును హిమాలయ ప్రజలకును సూచనల నిచ్చుచున్నది. సెలవులకు గుల్మర్గ్, ఔలీ, సోలంగ్ పోవు తెలుగు యాత్రికులు ఉన్నిదుస్తుల జాబితాతోపాటు ఆ సూచనను చూచుటయు అలవరచుకొనవలెను. దుస్తులు చలినుండి కాపాడును, చరియనుండి కాదు.

ప్రవరుని మాట మరల తలచుకొనక ఈ వ్యాసమును ముగింపజాలను. వసంతకాలమున మంచుకొండ లెక్కువారికి గురువులు చెప్పు నియమమొకటి కలదు: తెల్లవారకముందే బయలుదేరుడు, సూర్యుడు మంచును తడిపి బరువెక్కించకముందే దిగిరండు. కరుగు మంచు చప్పుడే గడియారము. ప్రవరుడు ఆ గడియారమును సరిగా చదివెను, మరలవలసిన వేళకు మరల దలచెను, కొండయందమును రేపటికి వాయిదా వేయగలిగెను. స్టీవెన్స్ కనుమలో ఆ 16 మందిలో ఎవరును పైకి అనలేకపోయిన మాటను, తోడెవరును లేని ఆ బ్రాహ్మణుడు తనకు తానే చెప్పుకొనెను. అతనిలో లోపమొక్కటే: సిద్ధుడు పసరు పూయుచున్నప్పుడు, ఇది మంచునీటికి నిలుచునా యని అడుగలేదు. ఆ ప్రశ్నను ఇంటివద్దనే వేయించుటకు మూడు దినముల బడి చాలును. మిగిలినది రేపు చూతమను మాటను సమయమునకు నోట పలికించుటకు మాత్రము, బడి విడిచిన పిమ్మట ప్రతి కొండవద్దను ప్రతివాడును తనకు తానే మరల పాఠము చెప్పుకొనవలసియున్నది.